ఆరున్నర తర్వాతి తేదీ

"టైము రెండూ ఇరవై. ఐదింటికి ఈయన్ని కోర్టులో హాజరుపరచాలి. ఈలోగా నోరు విప్పించగలిగితే విప్పించండి మేడమ్. నా వల్ల కాలేదు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీని నా వైపు జరిపి, తను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముప్ఫై దాటని వయసు, ఇస్త్రీ నలగని చొక్కా. బదిలీ మీద వచ్చి మూడు నెలలయిందట. నేను ఈ ఊళ్లో పుట్టి పన్నెండేళ్లు పెరిగినదాన్ని. అయినా ఈ గదిలో అతనే ఊరివాడు, నేను చుట్టపుచూపుగా వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఆ తేడాని అతను చాలా మర్యాదగా గుర్తుచేస్తున్నాడు. పై అధికారి ఒకాయన నాకు తెలుసు కాబట్టి లోపలికి రానిచ్చాడు గాని, లేకపోతే బయటి బెంచీయే గతి.

బల్లకి అవతల కూర్చున్నది మా బైండింగ్ బాబాయ్. రక్తసంబంధం ఏమీ లేదు. మా ఇంటి పక్కన పుస్తకాలు బైండు చేసే కొట్టు ఆయనది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఊరికి వస్తున్నానని నెలరోజుల కిందట ఫోన్ చేస్తే, "రా తల్లీ, రా! నువ్వొచ్చేలోపు నీ పని ఒకటి పూర్తిచేసి పెడతాను," అన్నాడు. ఏం పనని అడిగితే నవ్వి ఫోన్ పెట్టేశాడు. తీరా ఈ పొద్దున బస్సు దిగేసరికి ఆయన స్టేషన్లో ఉన్నాడు. ఊళ్లో నాకున్న ఇంకో మనిషి, లైబ్రరీ అత్తయ్య, ఆస్పత్రిలో ఉంది. ఆవిడ తల పగలగొట్టాడని ఈయన మీద కేసు.

"భోంచేశావా అమ్మా?" అన్నాడు బాబాయ్ నన్ను చూడగానే. వేళ్లకి ఎండిన జిగురు పెచ్చులు అలాగే ఉన్నాయి.

"నా భోజనం సంగతి తర్వాత. ముందు నీ సంగతి తేల్చు."

"నా సంగతి తేలడానికి ఏముంది? ఆవిడ లేస్తే ఆవిడే చెబుతుంది." ఆగాడు. గొంతు తగ్గించాడు. "ఎలా ఉంది ఆవిడ?"

ఆస్పత్రి నుంచే వచ్చాను. దాచి లాభం లేదు. "ఇంకా కళ్లు తెరవలేదు బాబాయ్. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. కుడిచెయ్యి మాత్రం దుప్పటి మీద దేనికోసమో తడుముకుంటూ ఉందట. నిన్నటినుంచీ అంతేనంది నర్సు."

బాబాయ్ తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "నిన్న పదిహేనో తారీకు. ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి లైబ్రేరియన్ తాళం తీశారు. ఎదురుగా టీ కొట్టతను చూశాడు. ఎనిమిదీ ఇరవైకి ఆయమ్మ ఊడవడానికి వచ్చేసరికి ఆవిడ చివరి ర్యాకు ముందు స్పృహ లేకుండా పడి ఉన్నారు. తల వెనక దెబ్బ. దగ్గర్లో తగలడానికి బల్ల లేదు, జారడానికి తడి లేదు. సందు వైపు ఇంకో తలుపుంది, దాని గడియ తీసే ఉంది. అంటే ఆ ఇరవై నిమిషాల్లో ఎవరో వచ్చి వెళ్లారు. ఈయన ఇంట్లో లైబ్రరీ పుస్తకం దొరికింది. వెనక చీటీ మీద పదిహేను అని ముద్ర ఉంది."

"నేను పధ్నాలుగు సాయంత్రం వెళ్లానని మీకు వందసార్లు చెప్పాను," అన్నాడు బాబాయ్.

"అయితే ముద్ర అబద్ధమాడుతోందా?"

"దాన్నే అడగండి. నన్నడిగితే నేనేం చెప్పను?"

ఆ మాటల దగ్గర నాకేదో లీలగా తట్టింది. పట్టుకునేలోపే జారిపోయింది. ఇన్‌స్పెక్టర్ బల్ల సొరుగులోంచి నలిగిన న్యూస్‌పేపరొకటి తీసి పరిచాడు.

"ఇది లైబ్రరీ చెత్తబుట్టలో దొరికింది. మీ జిగురు అంటుకుని ఉంది. ఇందులో ఏం చుట్టి తీసుకెళ్లారు?"

బాబాయ్ వేలి మీది జిగురు పెచ్చు గోకాడు.

"చెప్పు బాబాయ్," అన్నాను.

"చెప్పను. మాటిచ్చాను."

"ఎవరికి?"

నా వైపు ఒక్క క్షణం చూసి చూపు తిప్పేసుకున్నాడు. "ఒక చిన్నపిల్లకి."

"పేరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ కలం తీస్తూ.

"పేరు చెబితే ఇంక మాట నిలబెట్టుకున్నదేముంది బాబూ? మీరు రాసుకుంటారు, కోర్టులో చదువుతారు, పదిమందీ వింటారు. ఆ పిల్ల పరువేం కావాలి?"

మా బాబాయ్ మొండితనం నాకు కొత్త కాదు. పేజీ తక్కువైన పుస్తకాన్ని ఆయన చచ్చినా బైండు చేసివ్వడు. ఆ పేజీ ఏ పాత పుస్తకాల గుట్టలోనో దొరికేదాకా అటక మీద దాచిపెడతాడు, ఏళ్లు పట్టినా సరే. లైబ్రరీ అత్తయ్యకి అంత ఓపిక లేదు. అందుకని నెలకోసారైనా ఆయన కొట్టు ముందు నిలబడి, వీధంతా వినేలా తిట్టిపోసేది. వారం కిందట కూడా అలాంటి గొడవే జరిగిందట. ఇన్‌స్పెక్టర్ దాన్ని పగ కింద రాసుకున్నాడు. వాళ్లిద్దరూ అరుచుకోని నెల ఉంటే ఒంట్లో బాగా లేదేమోనని ఊరు కంగారుపడేదని అతనికి ఎవరు చెబుతారు?

"నేను లైబ్రరీ చూడాలి," అన్నాను లేస్తూ.

"చూశాం మేడమ్. మూడుసార్లు."

"నేను కొన్ని వేలసార్లు చూశాను. ఇంకొక్కసారి చూస్తాను."

లైబ్రరీకి నడక ఏడు నిమిషాలు. ఊరెంత మారిందో చూసే తీరిక లేదు. ఒక్కటి మాత్రం చూడక తప్పలేదు. ఆ తలుపు గొళ్లెం కోసం నేను మునివేళ్ల మీద నిలబడేదాన్ని. ఇప్పుడది నా భుజం దగ్గరకి వచ్చింది. లోపల మాత్రం అదే వాసన, అవే ఆరు ర్యాకులు. ఇది ఒక ట్రస్టు నడిపే చిన్న లైబ్రరీ. అత్తయ్యని రిటైరు చేయించే దమ్ము ఎవరికీ లేక డెబ్భై ఒకటో ఏట కూడా ఆ కుర్చీ ఆవిడదే.

బల్ల మీద తేదీ ముద్ర, ఇంకు ప్యాడ్, పక్కన కార్డుల ట్రే. ఎవరైనా పుస్తకం తీసుకెళితే దాని కార్డు మీద కూడా తేదీ కొట్టి, వరసగా ఈ ట్రేలో పెడుతుంది. చివరి కార్డు బాబాయ్‌ది. పదిహేను. దాని ముందుది ఎవరో బస్సు కండక్టరుది. అదీ పదిహేనే. దానికి ముందు నాలుగు కార్డులు పధ్నాలుగు.

ముద్ర చేతిలోకి తీసుకున్నాను. తేదీ తిప్పే చక్రం బొటనవేలికి తగలగానే, స్టేషన్లో జారిపోయిన సంగతి నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఈ లైబ్రరీ మూసేది సాయంత్రం ఏడింటికి. అవునా?"

"అవును."

"ఆరున్నర కాగానే అత్తయ్య ఈ చక్రం మర్నాటికి తిప్పేస్తుంది. ఆ తర్వాత ఎవరు పుస్తకం తీసుకున్నా మర్నాటి తేదీయే పడుతుంది. చీకటిపడ్డాక పట్టుకెళ్లేవాడు ఎలాగూ ఇవాళ చదవడు, వాడికొక రోజు కలిసిరావాలి కదా అనేది. మా చిన్నప్పుడు ఆ ఒక్క రోజు కోసం పిల్లలందరం ఆరున్నర దాకా మెట్ల మీద కాచుక్కూర్చునేవాళ్లం."

అతను చేతులు కట్టుకున్నాడు. "మేడమ్, నేను సాక్ష్యం అడిగాను. మీరు మీ చిన్నతనం పట్టుకొచ్చారు. ముప్ఫై ఏళ్ల కిందటి అలవాటు ఇప్పుడూ ఉందనడానికి ఆధారం?"

"ఈ కండక్టరుని అడిగారా?"

"డ్యూటీలో ఉన్నాడు. వచ్చాక అడుగుతాం."

"డ్యూటీ ఎప్పుడెక్కాడో కనుక్కోండి."

డిపోకి ఫోన్ చేశాడు. నేను కుర్చీలో కూర్చోలేదు, అది అత్తయ్యది. నిలబడే విన్నాను. "నిన్న ఉదయం ఐదింటికా? ఐదింటికే బయల్దేరిందా బస్సు? రేపు గాని తిరిగిరాదా?" ఫోన్ జేబులో పెట్టుకుని ట్రేలోంచి కండక్టరు కార్డు పైకి తీశాడు.

"పదిహేను ఉదయం ఎనిమిదింటికి ఆ కండక్టరు ఇక్కడికి వంద మైళ్ల దూరంలో టికెట్లు కొడుతున్నాడు. అయినా కార్డు మీద పదిహేను పడింది. ఇద్దరూ పధ్నాలుగు సాయంత్రం ఆరున్నర దాటాకే వచ్చారు," అన్నాను.

"సరే. ముద్ర సంగతి ఒప్పుకుంటాను." నిజాయితీపరుడే. కాని ఓడిపోవడం అలవాటు లేని మనిషి. "కాని పొద్దున్న మళ్లీ రాలేదని ఎలా చెబుతారు? ఆవిడ తల దానంతటదే పగిలిందా?"

"ఆయమ్మని పిలవండి."

ఆయమ్మ వరండాలోనే ఉంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఊడుస్తోంది. నేను ఊరు వదిలాక చేరిన మనిషి. నిన్నటినుంచి ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"ఆయమ్మా, నిన్న నువ్వు లోపలికి రాగానే ఏం చేశావో వరసగా చెప్పు. చిన్నది పెద్దది అని చూడకు."

"ఎవర్నీ చూళ్లేదమ్మా. సారుకి చెప్పాను."

"ఎవర్ని చూశావని కాదు, ఏం చేశావని."

"ఏం చేస్తాను? లైబ్రరీ టీచరమ్మ నా కోసం గడియ తీసి ఉంచే సందు తలుపులోంచి వచ్చి కెవ్వుమని అరిచాను. పరుగెత్తాను. టీచరమ్మ కాళ్ల మీద నిచ్చెన పడి ఉంటే ఎత్తి దాని చోట దాన్ని పెట్టాను. తలకింద నా కొంగు..."

"ఆగు!" ఇన్‌స్పెక్టర్ గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చాడు. "నిచ్చెన ఆవిడ మీద పడి ఉందా? మేం వచ్చేసరికి మూలన నిలబెట్టి ఉంది!"

"మరి మూలనే కదండీ ఉండాలి? దారిలో నిచ్చెన కనబడితే టీచరమ్మ నా ప్రాణం తీసేది. ఇరవై ఏళ్లనుంచి రోజూ అదే పాట. చెయ్యి దానంతటదే పెట్టేసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు నిచ్చెన సంగతి అడిగారా సారూ? ఎవరొచ్చారు, ఎవరెళ్లారు అనే అడిగారు."

నాకు నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. ఆయమ్మకి అప్పుడు అర్థమైంది తను చేసిన పనేమిటో. "అయ్యో, నా వల్లనా ఆ పెద్దాయన్ని పట్టుకెళ్లారు?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నిచ్చెన తిరగేసి చూశాం. ఒక కాలికి రబ్బరు తొడుగు ఉంది, రెండో కాలికి లేదు. ఊడిపోయిన తొడుగు చివరి ర్యాకు కింద దుమ్ములో దొరికింది. నేల మీద జానెడు పొడుగున కొత్త గీత. ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతని వేలితో తడిమాడు. ఇస్త్రీ పోతుందని కూడా చూసుకోలేదు.

"జారింది," అన్నాడు.

"జారింది. ఎవరూ తొయ్యలేదు. కాని ఎందుకెక్కింది? ఆయమ్మా, టీచరమ్మ నిచ్చెన ఎక్కుతుందా?"

"ఎక్కదమ్మా. మోకాళ్లు పట్టేశాయి కదా. పై అర పుస్తకమైతే నేనొచ్చేదాకా ఆగుతుంది. తిడుతూ ఆగుతుంది."

ఇరవై నిమిషాలు ఆగితే ఆయమ్మ వస్తుంది. ఆ ఇరవై నిమిషాలు ఆగలేకపోయింది. ముందురోజు వాపసు వచ్చిన పుస్తకాలు ఒక బుట్టలో ఉంటాయి. పొద్దున్నే తాళం తీయగానే వాటిని సర్దడం ఆవిడ మొదటి పని. బుట్ట ఖాళీగా ఉంది.

"నిచ్చెన పట్టుకోండి," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ ఒకవైపు, ఆయమ్మ ఒకవైపు పట్టుకున్నారు. ఎక్కాను. చిన్నప్పుడు నిచ్చెన అవసరం ఉండేది కాదు నాకు. అత్తయ్య అటు తిరగ్గానే ర్యాకుల అరలే మెట్లుగా పాకిపోయేదాన్ని. పై అరలో పుస్తకాలన్నీ గీత గీసినట్టున్నాయి. ఒక్కటి మాత్రం సగమే లోపలికి వెళ్లి ఆగిపోయింది. ఆకుపచ్చ గుడ్డతో కొత్త బైండు. ఇంకా జిగురు వాసన పోలేదు.

బయటికి లాగి తెరిచాను.

దీపస్తంభం మీద ఒంటరిగా ఉండే ఒక కాపలాదారు కథ. మొదటి పేజీలో ఓడ బొమ్మ. ఆ ఓడకి నీలం పెన్సిలుతో పొగ గీసిన దొంగ ఎవరో నాకు బాగా తెలుసు. మధ్యలో ఎనిమిది పేజీలు వేరే రంగు కాగితం, ఇంకో పుస్తకం నుంచి తెచ్చి కుట్టినవి. మిగిలిన పేజీల అంచులకి బురద మరక. వెనక చీటీ మీద చివరి ముద్ర ముప్ఫై ఏళ్ల కిందటిది.

నిచ్చెన గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

ఊరు వదిలే రోజు. ఇంటిముందు సామాను లారీకి ఎక్కిస్తున్నారు. వాపసు ఇవ్వడానికి పరుగెడుతుంటే పుస్తకం చేతిలోంచి జారి మురిక్కాలవలో పడింది. ఏడుస్తూ బాబాయ్ కొట్టుకి వెళ్లాను. "రేపటికల్లా బాగుచేసి ఎవరూ చూడకుండా అక్కడ పెట్టెయ్ బాబాయ్. అత్తయ్యకి మాత్రం చెప్పకు. ఒట్టు వెయ్యి!" వేశాడు. నేను లారీ ఎక్కాను. బాగుచేసే ఉంటాడనుకుని, నెల తిరక్కుండానే మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. కాలవలో పోయిన ఆ ఎనిమిది పేజీల కోసం ముప్ఫై ఏళ్లు వెతికాడు.

పధ్నాలుగు సాయంత్రం పుస్తకం తీసుకునే వంకతో వచ్చి, చుట్టుకొచ్చిన కాగితం చెత్తబుట్టలో పడేసి, దీన్ని గుట్టుగా వాపసు బుట్టలో పెట్టి వెళ్లాడు. పొద్దున అత్తయ్య చూసింది. ఎవరి కోసమూ ఆగలేదు.

ఊరివాళ్ల చిట్టా అంతా విప్పడానికి వచ్చిన గొప్ప డిటెక్టివ్‌ని. ఆ చిన్నపిల్ల ఎవరో నాకు తట్టనే లేదు.

"ఏం దొరికింది మేడమ్?" కిందనుంచి ఇన్‌స్పెక్టర్. కాస్త ఇబ్బందిగా జేబులోంచి ఒక చిన్న కవరు తీశాడు. "నేను మీకు చూపించనిది ఒకటుంది. ఆస్పత్రిలో ఆవిడ పిడికిలి విప్పితే దొరికింది. నేరస్థుడి గుర్తు అనుకున్నాను. ఆ పేరుతో పాత నేరస్థులెవరైనా ఉన్నారేమోనని నిన్నటినుంచి నలుగురు కానిస్టేబుళ్లు తిరుగుతున్నారు. పాత ముఠా ఏదైనా ఉందా ఈ ఊళ్లో?"

"ఏం పేరు?"

"ఉడుత."

చెయ్యి చాపాను. కవరు అందించాడు. లోపల అరచేతి వెడల్పు అట్టముక్క. పుస్తకం బయటికి వెళితే ఆ ఖాళీలో తీసుకున్నవాళ్ల పేరు రాసి అట్ట పెట్టడం అత్తయ్య పద్ధతి. ర్యాకులు పాకే పిల్లకి ఆవిడ పెట్టిన పేరు, ఆవిడ చేతిరాతలో, ఇంకు వెలిసిపోయి ఉంది.

"వెనక చూడండి. ముప్ఫై తేదీలు, ఏడాదికొకటి. అన్ని నేరాలు చేశాడేమో అనుకున్నాను."

వెనక్కి తిప్పాను. ఏటా పుస్తకాలన్నీ సరిచూసే రోజు కొట్టిన ముద్రలవి. మూడేళ్లు దాటినా రాని పుస్తకాన్ని 'పోయింది' అని రాసి, ఖాళీ మూసెయ్యాలన్నది నియమం. ప్రతి ముద్ర పక్కనా ఆవిడ రాసింది రెండే మాటలు. 'బయట ఉంది.' 'బయట ఉంది.' 'బయట ఉంది.' పోయిందని ఒక్క ఏడాది కూడా రాయలేదు.

నా కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. పోలీసు ముందు ఏడవకూడదనే పట్టుదల ఏదీ మిగల్లేదు.

"మీ కానిస్టేబుళ్లని వెనక్కి పిలవండి ఇన్‌స్పెక్టర్‌గారూ," అన్నాను. "ఉడుత దొరికింది. ఇదిగో, నిచ్చెన మీద ఉంది. మీరే పట్టుకుని ఉన్నారు."

అతను నిచ్చెన వదల్లేదు. నేను కిందికి దిగి, అంతా చెప్పేదాకా ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఓడ పొగ దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత స్టేషన్‌కి ఫోన్ కలిపాడు.

"ఆయన్ని వదిలెయ్యాలంటే ప్యాకెట్‌లో ఏముందో ఆయన నోటితో చెప్పాలి. మీరే చెప్పించండి," అని ఫోన్ నాకిచ్చాడు. టైము నాలుగూ పది.

"బాబాయ్, ప్యాకెట్‌లో ఏముందో చెప్పెయ్."

"చెప్పనన్నానుగా. మాటిచ్చాను."

"నాకేగా ఇచ్చావు? తిరిగిచ్చేస్తున్నాను. ఇంక చెప్పొచ్చు."

అటు కుర్చీ కిర్రుమంది. ఈలోగా ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గరకి వెళ్లి నా చేతిలోని అట్టముక్క కోసం చెయ్యి చాపాడు. "సాక్ష్యం మేడమ్. ఇవాళే స్టేషన్‌కి చేరాలి." ఇచ్చాను. గడియారం వైపు చూశాడు. తేదీ ముద్ర తీసుకుని పదిహేను నుంచి మర్నాటికి, పదిహేడుకి తిప్పాడు. ముప్ఫై ముద్రల కింద ఇంకొకటి కొట్టి, పక్కన తన కలంతో అవే రెండు మాటలు రాసి, అట్టముక్కని నా చేతిలోనే పెట్టాడు.

"ఆరున్నర దాటిందనుకుందాం," అన్నాడు నా వైపు చూడకుండా. "ఆవిడ చెయ్యి దేనికోసం తడుముకుంటోందో తెలిసిందిగా. వెళ్లండి."

ఫోన్లో బాబాయ్ గొంతు వినిపించింది. బెదిరిపోయిన గొంతు. "అత్తయ్యకి తెలిసిపోయిందా?"

"తెలిసిపోయింది బాబాయ్."

"తిట్టిందా?"

పుస్తకం చంకలో పెట్టుకున్నాను. అట్టముక్కని పిడికిట్లో బిగించి మెట్లు దిగుతున్నాను.

"ఇంకా లేదు," అన్నాను. "తిట్టించుకోవడానికే వెళుతున్నాను."